పురుగు పట్టిన ప్యాకెట్, మారిపోయిన బస్తా: ఆన్‌లైన్‌లో అమ్మే రైతు జవాబుదారీ ఎంతవరకు?



మనం ఎప్పుడూ జీవామృతం గురించో, కషాయాల గురించో, దేశీ విత్తనాల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి పంట ఇంటికొచ్చాక జరిగే సంగతి మాట్లాడుకుందాం. ఈ వ్యాసంతో పాటు పెట్టిన వీడియోలో నేను బియ్యం ప్యాకింగ్ ఎలా చేస్తున్నానో చూపించాను. ఆ పద్ధతి ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందో మాత్రం వీడియోలో చెప్పలేదు. కెమెరా ముందు చెప్పడానికి కాస్త సిగ్గేసింది. రాయడమైతే తేలిక అనిపించి ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వేసవిలో, మే నెలలో, ఒకే వారంలో నాకు రెండు రిటర్న్‌లు వచ్చాయి. ఒకటి 5 కిలోల రత్నచోడి బియ్యం, సింగిల్ పాలిష్. రెండోది 10 కిలోల కాలాబట్టి నల్ల బియ్యం. మొదటిదాంట్లో తప్పు పూర్తిగా నాది. రెండోదాంట్లో నా తప్పు లేదని ఇప్పటికీ నా నమ్మకం. అయితే నేను సరుకు పెట్టిన యాప్ వాళ్ళు రెండింటికీ ఒకటే తీర్పు ఇచ్చారు. రెండు చోట్లా కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి వెళ్ళింది, రెండూ నా ఖాతాలోంచి కోసుకున్నారు, రెండింటికీ అక్షరం తేడా లేని ఒకే మెసేజ్ వచ్చింది.

తప్పు చేసినప్పుడు, చేయనప్పుడు ఒకే శిక్ష పడితే మనిషి ఏం నేర్చుకుంటాడు? ఆ వారం నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే.

మొదటి రిటర్న్: "సహజమే" అన్న మాట

రత్నచోడి కొన్నావిడ హైదరాబాద్‌లో ఉంటారు, రిటైర్ అయిన టీచరు. యాప్‌లో ఒక స్టార్ ఇచ్చి "పురుగులు ఉన్నాయి" అని రెండే మాటలు రాశారు. నేను ప్యాకెట్‌లో పెట్టిన చీటీ మీద నా ఫోన్ నంబరు ఉంటుంది కాబట్టి వాట్సాప్‌లో కూడా పలకరించారు.

నేను వెంటనే ఇచ్చిన జవాబు ఇది: "అమ్మా, ఇది మందులు కొట్టని బియ్యం. పురుగు పట్టడం సహజం. పురుగు కూడా తినని బియ్యం మనం తినకూడదు."

ఈ మాట మనలో చాలామంది అంటాం. వినడానికి బాగుంటుంది. ఆవిడకి మాత్రం నచ్చలేదు. ప్యాకెట్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో పంపారు. గింజల మధ్య నల్లటి ముక్కు పురుగులు, అడుగున సన్నటి పిండి. కింద ఒక మెసేజ్: "బాబూ, సహజమే అయితే ఆ సంగతి ప్యాకెట్ మీద ఎందుకు రాయలేదు? అసలు ఈ బియ్యం ఎప్పుడు పట్టించారు?"

ఆ రెండో ప్రశ్న దగ్గర నా నోట మాట రాలేదు. ప్యాకెట్ మీద మే నెల తేదీ ఉంది. అది ప్యాక్ చేసిన తేదీ. బియ్యం పట్టించింది మాత్రం జనవరి ఆఖర్లో. మిల్లు మాకు దూరం. తక్కువ వడ్లు తీసుకెళ్తే మిల్లు వాళ్ళు ఆడించరు. అందుకని ఒకేసారి నాలుగు క్వింటాళ్ళు పట్టించి గోనె సంచుల్లో పెట్టి, ఆర్డర్ వచ్చినప్పుడల్లా తీసి ప్యాక్ చేస్తున్నాను. అబద్ధం రాయలేదు. కానీ ఆ తేదీ చూసిన మనిషి ఏమనుకుంటుందో నాకు తెలుసు. తెలిసీ అలాగే ఉంచాను.

ముక్కు పురుగు గింజ లోపల గుడ్డు పెడుతుంది. పైకి ఏమీ కనపడదు. వేడి, తేమ అనుకూలిస్తే నెల, నెలన్నరలో అది పెద్ద పురుగై గింజకి బొక్క పెట్టుకుని బయటికి వస్తుంది. అంటే నేను ప్యాక్ చేసేటప్పుడు శుభ్రంగా కనపడ్డ బియ్యంలో అప్పటికే గుడ్లు ఉన్నాయి. పైగా సింగిల్ పాలిష్ బియ్యానికి తవుడు పొర ఉంటుంది కదా, దాంట్లో నూనె ఉంటుంది. అది వేసవి ఎండకి త్వరగా ముక్కిపోతుంది. వడ్లుగా ఉంచి ఉంటే పొట్టు కాపాడేది. బియ్యం చేసి నాలుగు నెలలు ఉంచింది నేను. నేలదీ ఆవుదీ ఇందులో తప్పేమీ లేదు, ప్రకృతి వ్యవసాయానికీ దీనికీ సంబంధం లేదు. ఇది నిల్వలో నేను చేసిన తప్పు.

తర్వాత తెలిసింది ఇంకోటి చెప్తాను. 2006 ఆహార భద్రత చట్టంలో "సురక్షితం కాని ఆహారం" అంటే ఏమిటో చెప్పిన జాబితాలో పురుగు పట్టిన ఆహారం కూడా ఉంది. కాబట్టి "సహజం" అన్న జవాబు చట్టం ముందు కూడా నిలబడదు. మందులు కొట్టలేదన్న ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా నిర్లక్ష్యాన్ని దాచుకోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది. నాకూ అయ్యింది.

రెండో రిటర్న్: బస్తాలో రేషన్ బియ్యం

మూడు రోజులకి కాలాబట్టి వెనక్కి వచ్చింది. కారణం: "వేరే సరుకు వచ్చింది." విప్పి చూస్తే లోపల తెల్ల బియ్యం. చేతిలోకి తీసుకుని చూడగానే తెలిసింది, రేషన్ బియ్యం. పోషకాలు కలిపిన గింజలు అక్కడక్కడా కాస్త వేరుగా కనపడతాయి చూడండి, ఊళ్ళల్లో కొందరు ప్లాస్టిక్ బియ్యమని భయపడుతుంటారే, అవే. నల్ల బియ్యం నేను పొరపాటున మార్చి పంపానంటే కనీసం నా దగ్గరున్న ఇంకో రకం ఉండాలి కదా. రేషన్ బియ్యం నా ప్యాకింగ్ గదిలోకి ఎలా వస్తుంది?

నాకు మొదట వచ్చిన ఆలోచన, కొన్నవాళ్ళు మోసం చేశారని. ఇంట్లో కూడా అలాగే అరిచాను. మా ఆవిడ ఒక మాట అంది: "దారిలో ఎన్ని చేతులు మారిందో నీకు తెలుసా?" నిజమే. మా ఊరి నుంచి మండలం, అక్కడి నుంచి గోడౌన్, అక్కడి నుంచి ఇంకో ఊరు, చివరికి డెలివరీ కుర్రాడు. వెళ్ళేటప్పుడే మారి ఉండొచ్చు. అలాగైతే కొన్నవాళ్ళు నిజంగానే మోసపోయారు, ఫిర్యాదు కూడా న్యాయమే. వాళ్ళింట్లో మారి ఉండొచ్చు. వెనక్కి వచ్చేటప్పుడు మారి ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏది జరిగిందో చెప్పే రుజువు నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ప్యాకింగ్ వీడియో లేదు. ముద్ర లేదు. కాటా మీద పెట్టిన ఫొటో లేదు. సంచికి మామూలు దారంతో కుట్టు వేశాను. ఎవరైనా విప్పి మళ్ళీ కుట్టొచ్చు.

నేను అప్పీలు పెట్టాను. రెండు రోజులకి జవాబు వచ్చింది: "మీ అభ్యర్థనను పరిశీలించి మూసివేశాము." ఎవరు పరిశీలించారు, ఏం చూశారు, కొన్నవాళ్ళు ఏ ఫొటో పెట్టారు, ఏదీ చెప్పలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే వాక్యం.

లెక్క చూద్దాం. 10 కిలోల ధర 1,600 రూపాయలు. అది పూర్తిగా వెనక్కి పోయింది. వెళ్ళేటప్పటి రవాణా 230, వచ్చేటప్పటి రవాణా 230, రెండూ నా మీదే వేశారు. అంటే చేతి నుంచి 460 రూపాయలు, పది కిలోల నల్ల బియ్యం పోయి, రేషన్ బియ్యం మిగిలింది. రెండెకరాల రైతుకి ఇది చిన్న దెబ్బ కాదు. అంతకంటే పెద్ద దెబ్బ, ఎవరిని అనుమానించాలో తెలియకపోవడం. నేను కొన్నవాళ్ళని అనుమానించాను. వాళ్ళు నన్ను అనుమానించి ఉంటారు. మధ్యలో ఉన్నవాళ్ళు మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా కేసు మూసేశారు.

కొనేవాళ్ళకి స్టార్ ఇచ్చే వీలు మనకెందుకు లేదు?

కోపంలో ఉన్నప్పుడు నాకు వచ్చిన ఇంకో ప్రశ్న ఇది. వాళ్ళు మనకి స్టార్లు ఇస్తారు, మనం వాళ్ళకి ఎందుకు ఇవ్వలేం? చదివితే దీనికి పాత కథ ఉందని తెలిసింది.

1995 సెప్టెంబరులో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక వేలం సైట్ మొదలుపెట్టాడు. తర్వాత అదే ఈబే అయ్యింది. అక్కడ మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. పాడైందని చెప్పే అమ్మారు, తెలిసే కొన్నారు. లోపం ముందే చెప్తే ఆ సరుక్కీ కొనేవాళ్ళు ఉంటారన్నమాట.

ముఖం తెలియని మనుషుల మధ్య తగాదాలు మొదలవడంతో 1996లో ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు పెట్టారు. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళకి, అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి మార్కులు వేసుకునేవాళ్ళు. వినడానికి పూర్తి న్యాయంగా ఉంది కదా. కానీ ఏం జరిగిందంటే, నువ్వు నాకు చెడ్డగా రాస్తే నేను నీకు చెడ్డగా రాస్తానన్న భయం పట్టుకుంది. సరుకు బాగాలేకపోయినా కొన్నవాళ్ళు నోరు మూసుకోవడం మొదలైంది. చివరికి 2008లో ఈబే ఒక నిర్ణయం తీసుకుంది. అమ్మేవాళ్ళు ఇకపై కొనేవాళ్ళ గురించి చెడ్డగా రాయడానికి వీల్లేదంది. కొనేవాళ్ళ భయం పోయింది. అమ్మేవాళ్ళ నోరు కూడా పోయింది.

దీనికి మధ్యే మార్గం కూడా ఉంది. ఇళ్ళు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇంకో పద్ధతి పెట్టింది. ఇంటివాళ్ళు, దిగినవాళ్ళు ఎవరికి వాళ్ళు రాస్తారు. ఇద్దరూ రాశాకో, గడువు ముగిశాకో రెండూ ఒకేసారి బయటపడతాయి. పగ తీర్చుకోవడానికి సందు ఉండదు. సరుకులు అమ్మే చోట ఇలాంటిది పెట్టడం అసాధ్యమేమీ కాదు.

మన లాంటి రైతులకి ఈ విషయం మిగతావాళ్ళ కంటే ఎక్కువ అవసరం. ఎందుకో చెప్తాను. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. మంచి కారేదో, నాసి కారేదో కొనేవాడికి తెలియకపోతే అన్నింటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారు ఉన్నవాడికి గిట్టదు, బజారు నుంచి తప్పుకుంటాడు. చివరికి నాసివే మిగులుతాయి. ఈ పనికి ఆయనకి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు కార్ల చోట బియ్యం పెట్టి చూడండి. మందు కొట్టని బియ్యం, కొట్టిన బియ్యం పక్కపక్కన పోస్తే కంటికి తేడా తెలియదు, చాలాసార్లు నాలుకకీ తెలియదు. కొనేవాళ్ళు మన మాట మీద కొంటున్నారు. ఆ మాట పోతే మొదట బజారు నుంచి పోయేది నిజంగా సాగు చేసేవాడే. నేను పంపిన పురుగుల ప్యాకెట్ వల్ల ఆ టీచరమ్మ నా ఒక్కడి మీదే నమ్మకం పోగొట్టుకుంటుందా? రేపు ఇంకో రైతు "ప్రకృతి వ్యవసాయం" అని రాస్తే ఆ పేరే ఆవిడకి గుర్తొస్తుంది.

చట్టంలో ఎవరికి ఏముంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలైలో అమలైంది. అదే నెల 23న ఆన్‌లైన్ అమ్మకాలకి ప్రత్యేకంగా ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చేవి సూటిగా చెప్తాను.

అమ్మేవాళ్ళకి: సరుకులో లోపం ఉన్నా, నకిలీదైనా, మనం ప్రకటించిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనకూడదు. చెప్పిన గడువు దాటి సరుకు వెళ్ళినా అంతే, తుపాను లాంటి మన చేతిలో లేని కారణం ఉంటే తప్ప. పెట్టిన ఫొటో, రాసిన వివరం అసలు సరుకుతో సరిపోవాలి. వినియోగదారుడి వేషంలో మనమే రివ్యూలు రాసుకోకూడదు.

ఈ చివరిది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మొదట్లో అమ్మకాలు లేనప్పుడు మా తోడల్లుడి చేత, మేనల్లుడి చేత నాలుగు ఐదు-స్టార్ల రివ్యూలు రాయించాను. వాళ్ళు కొనలేదు, తినలేదు. "అద్భుతమైన రుచి" అని రాశారు. అందరూ చేసేదే కదా అనుకున్నాను. ఒక స్టార్ ఇచ్చిన టీచరమ్మ నిజం రాసింది, ఐదు స్టార్లు ఇచ్చిన నా బంధువులు అబద్ధం రాశారు. ఆ నాలుగూ వాళ్ళ చేతే తీయించేశాను.

యాప్ వాళ్ళకి: ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. వినియోగదారుడి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి నంబరు ఇవ్వాలి. ఎవరి సరుకు పైన కనపడుతుందో, ఎవరిది కింద కనపడుతుందో దానికి ముఖ్యమైన ప్రాతిపదిక ఏమిటో చెప్పాలి. అమ్మేవాళ్ళతో ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

కొనేవాళ్ళకి: 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడ తేలకపోతే తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఆ 48 గంటలు, నెల రోజులు అన్నవి వినియోగదారుడి ఫిర్యాదుకి. అమ్మిన రైతు పెట్టుకున్న అప్పీలుకి అలాంటి గడువు ఆ నియమాల్లో కనపడదు. మనకీ యాప్‌కీ మధ్య తగాదా ప్రధానంగా మనం సంతకం పెట్టిన ఒప్పందం మీద నడుస్తుంది. ఆ ఒప్పందం మనలో ఎంతమంది చదివాం? నేను చదవలేదు. "అంగీకరిస్తున్నాను" అన్న చోట వేలు పెట్టాను, అంతే. తర్వాత చదివితే తెలిసింది, అప్పీలుకి ఏ రుజువులు పెట్టాలో అందులోనే రాసి ఉంది. నేను ఒక్కటీ పెట్టలేదు. అలాగని యాప్ వాళ్ళకి నేను మార్కులు వేయడం లేదు. కారణం చెప్పకుండా ఒకరి సొమ్ము కోసుకోవడం ఏ ఒప్పందంలో ఉన్నా న్యాయం కాదు. కానీ రుజువు లేకుండా వెళ్ళి న్యాయం అడిగింది నేనే.

లేబుల్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "సేంద్రియ" అని రాసి అమ్మడానికి 2017 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు ఉన్నాయి. ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ సర్టిఫికేట్ ఉండాలి. ఏడాదికి 12 లక్షల టర్నోవర్ లోపు ఉండి, తినేవాళ్ళకి నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపులో అమ్మేవాళ్ళు జైవిక్ భారత్ లోగో వేయకూడదు. మనలో కొందరు ఎక్కడో దొరికిన లోగో బొమ్మ తీసి ప్యాకెట్ మీద అచ్చు వేయిస్తున్నారు. దయచేసి వద్దు. ఏం చేశామో, ఏం వాడామో మామూలు తెలుగులో రాయండి: "రసాయన ఎరువులు వాడలేదు, జీవామృతం, ఘనజీవామృతం వాడాం, ఫలానా నెలలో కోశాం." అది లోగో కంటే ఎక్కువ చెప్తుంది.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను

వీడియోలో చూపించిన పద్ధతి ఇదే. ఒక్కొక్కటీ ఎందుకో కూడా చెప్తాను.

1. వడ్లు వడ్లుగానే ఉంచుతున్నాను. తేమ బాగా తగ్గేదాకా ఎండబెట్టి, నేలకి ఆనకుండా చెక్కల మీద పెడుతున్నాను. నాతో పాటు ఇంకో నలుగురు రైతులు కలిశారు. అందరి వడ్లూ కలిపితే మిల్లుకి సరిపడా అవుతాయి కాబట్టి ఇప్పుడు నెలకోసారి పట్టించగలుగుతున్నాం. ఎవరి రకం వాళ్ళది విడిగానే.

2. ప్యాకెట్ మీద మూడు తేదీలు: కోసిన నెల, పట్టించిన తేదీ, ప్యాక్ చేసిన తేదీ. వేసవిలో పట్టించిన నెల దాటిన సింగిల్ పాలిష్ బియ్యం ఆన్‌లైన్‌లో పంపడం లేదు. ఊళ్ళోనే, సంగతి చెప్పి, తగ్గించి అమ్మేస్తున్నాను.

3. ప్యాకెట్ మీదే ఒక వాక్యం: "ఇందులో పురుగు మందు పొగ పెట్టలేదు. వచ్చిన వెంటనే గాలి చొరబడని డబ్బాలో పోసుకోండి, నెల రోజుల్లో వాడుకోండి." టీచరమ్మ అడిగింది ఇదే కదా, సహజమైతే ముందే రాయమని.

4. ప్రతి ఆర్డర్‌కి ఒకే షాట్‌లో వీడియో. ఆర్డర్ నంబరు, సరుకు, కాటా మీద తూకం, సీలు వేయడం, అన్నీ కత్తిరించకుండా. నిమిషం పడుతుంది. దారం కుట్టు మానేసి, ఒకసారి తీస్తే చిరిగిపోయే టేపు వేస్తున్నాను. రెండు నెలలు ఫోన్‌లో ఉంచి తర్వాత తీసేస్తాను.

5. కొరియర్‌కి ఇచ్చేటప్పుడు వాళ్ళ రసీదు మీద తూకం రాయించుకుంటున్నాను. రిటర్న్ వస్తే విప్పకముందే తూచి, తెచ్చిన కుర్రాడి ముందే వీడియో తీస్తూ విప్పుతున్నాను.

6. కొన్నవాళ్ళకి చీటీలో రాస్తున్నాను: "విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. తేడా ఉంటే అది మీకు రుజువు, నాకూ రుజువు." ఇది వాళ్ళని అనుమానించినట్టు ఉంటుందేమో అని మొదట సంకోచించాను. ఇప్పటిదాకా ఒక్కరు కూడా తప్పు పట్టలేదు.

7. చివరిది, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. నా మీద వచ్చిన ఫిర్యాదు మీద నేను తీర్పు చెప్పుకోను. పీజీఎస్ పద్ధతి మీలో చాలామందికి తెలుసు. కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు చూసుకుని, ఒకరికొకరు హామీ ఉంటారు. పొలానికి పనికొచ్చిన పద్ధతి ఫిర్యాదుకి ఎందుకు పనికి రాదు? మా ఐదుగురిలో నా మీద ఫిర్యాదు వస్తే ఇంకో ఇద్దరు చూస్తారు. ఫొటో, వీడియో, తేదీ చూసి తప్పు నాదంటే నేను డబ్బు ఇచ్చేయాలి. కొన్నవాళ్ళకి కారణం రాసి పంపాలి. ఫిర్యాదుల పుస్తకం ఒకటి పెట్టాం, పాల లెక్క రాసుకునే లాంటి మామూలు నోట్‌బుక్కే.

మొదటి నెలలోనే మా వాళ్ళు నాకు వ్యతిరేకంగా ఒక తీర్పు ఇచ్చారు. మినపప్పు 2 కిలోలని రాసి పంపితే కొన్నాయన 1 కిలో 930 గ్రాములే ఉందన్నారు. నా వీడియోలో కాటా చూస్తే, కవరు బరువు తీసివేయకుండా తూచాను. "మేం 70 గ్రాముల కోసం పంచాయితీ పెట్టాలా అన్నా?" అని అడిగాను. మాలో పెద్దాయన అన్నారు, "దళారి కాటాలో బస్తాకి కిలో కొట్టేస్తే ఊరంతా తిడతాం కదరా." డబ్బు పంపాను.

యాప్ వాళ్ళని ఏం అడగాలి?

సరుకు పెట్టే ముందే అడగండి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. రిటర్న్ వస్తే కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు నాకు చూపిస్తారా? నా అప్పీలు మనిషి చూస్తాడా? ఎన్ని రోజుల్లో జవాబు ఇస్తారు, కారణం రాసి ఇస్తారా? దారిలో సరుకు మారితే ఆ నష్టం ఎవరిది? డబ్బు ఎన్నో రోజున నా ఖాతాలో పడుతుంది? కమిషన్, రవాణా, రిటర్న్ ఖర్చు కలిపి నాకు మిగిలేది ఎంత? వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వని చోట పంట మొత్తం పెట్టకండి. పది బస్తాలుంటే రెండు పెట్టి చూడండి. ఒక్క రైతు అడిగితే పట్టించుకోకపోవచ్చు, ఎఫ్‌పీఓ ద్వారా వంద మంది తరఫున అడిగితే వింటారు.

మధ్యలో ఉన్నవాళ్ళ చేతిలోనే తూకం, దారి, డబ్బు, రివ్యూ అన్నీ ఉన్నాయి. అన్నీ చేతిలో ఉన్నవాళ్ళకే అందరికంటే ఎక్కువ జవాబుదారీ ఉండాలి. ఈ మాట గట్టిగా అడిగే హక్కు మనకుంది. కానీ అడిగేముందు మన కాటా, మన తేదీ, మన రివ్యూలు సరిగ్గా ఉండాలి.

కాలాబట్టి డబ్బు నాకు ఇప్పటికీ రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదు. టీచరమ్మ ఇచ్చిన ఒక స్టార్ కూడా అలాగే ఉంది. నేను తీసేయమని అడగలేదు. దాని కింద నా జవాబు రాశాను: "తప్పు నాదే. జనవరిలో పట్టించిన బియ్యం మేలో పంపాను. ఇకపై పట్టించిన తేదీ వేస్తాను."

ఆవిడకి వేరే ప్యాకెట్ పంపుతానని ఫోన్ చేశాను. వద్దన్నారు. "కొత్త పంట వచ్చాక, పట్టించిన వారంలో పంపండి బాబూ. అప్పుడు డబ్బు ఇచ్చే కొంటాను" అన్నారు. ఈ డిసెంబరులో కోతలు. ఆర్డర్ పుస్తకంలో మొదటి పేరు ఆవిడదే రాసుకున్నాను.

మీకు ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి. కొన్నవాళ్ళుగా రాసినా సరే, అమ్మినవాళ్ళుగా రాసినా సరే. వచ్చే వీడియోలో వడ్లకి ముక్కు పురుగు పట్టకుండా గాదెలో ఏం చేస్తున్నామో చూపిస్తాను.

సెలవు.